స్టేక్ టార్టార్ ఇంట్లో చేయడం: పచ్చి బీఫ్, పదునైన కత్తి, పొరపాటున అతుక్కున్న పేరు

పచ్చి బీఫ్‌ను కత్తితో సన్నగా తరిగి, ఆవముద్ద, ఉల్లి, ఊరగాయ మొగ్గలు, గుడ్డు పచ్చసొన కలిపి చల్లగా వడ్డించే ఫ్రెంచి వంటకం స్టేక్ టార్టార్. ఫ్రెంచివాళ్ళు ‘తార్తార్’ అని పలుకుతారు. ఇందులో ఉడకబెట్టడం లేదు, వేయించడం లేదు, నిప్పుల మీద కాల్చడం లేదు. పొయ్యి వెలిగేది పక్కన పెట్టుకునే బంగాళాదుంప వేపుడుకు మాత్రమే. కూరలో అయితే మాంసం కాస్త ముదురైనా ఇంకో అరగంట ఉడికిస్తాం, వాసన వస్తే అల్లంవెల్లుల్లి ఇంకాస్త దట్టిస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. కొన్న ముక్క, కోసిన తీరు, ఉంచిన చల్లదనం ఈ మూడే వంట. అందుకే ఈ మార్గదర్శిలో పెద్ద భాగం మాంసం కొనడం, కోయడం గురించే ఉంటుంది. కలపడం పది నిమిషాల పని.

పేరు ఎక్కడిది?

ఎక్కడ చదివినా ఒకే కథ కనిపిస్తుంది. తాతారు (మంగోలు) గుర్రపు రౌతులు పచ్చి మాంసాన్ని జీను కింద పెట్టుకుని రోజంతా స్వారీ చేసేవారని, సాయంత్రానికి అది మెత్తబడితే తినేవారని. ఈ కథను యూరప్‌లో వ్యాపింపజేసినవాళ్ళలో 13వ శతాబ్దపు ఫ్రెంచి చరిత్రకారుడు జాన్ ద జ్వాన్వీల్ ఒకడు. గుర్రం వీపు మీద జీను ఒరిపిడికి పడ్డ పుండ్లకు మాంసపు ముక్కలు కప్పేవారని, దాన్ని చూసినవాళ్ళు తిండి అనుకున్నారని కొందరి వివరణ. ఏదేమైనా గుర్రపు చెమటలో రోజంతా నానిన మాంసానికీ పారిస్ హోటల్ బల్ల మీది పళ్ళేనికీ చుట్టరికం లేదు.

అసలు సంగతి ఇంకా సాదాసీదా. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో పచ్చి గుడ్డుతో వడ్డించే పచ్చి బీఫ్‌ను ‘అమెరికన్ పద్ధతి స్టేక్’ అనేవారు. పేరుమోసిన ఫ్రెంచి వంటవాడు ఒగ్యుస్ట్ ఎస్కాఫియే తన వంట గ్రంథం 1921 ముద్రణలో దానికి ఒక చిన్న మార్పు రాశాడు. పచ్చసొన తీసేసి, పక్కన టార్టార్ సాస్ (మయోనైజ్ లాంటి చల్లని సాస్) పెడితే అది ‘టార్టార్ పద్ధతి స్టేక్’. అంటే పేరు వచ్చింది తాతారుల నుంచి కాదు, గిన్నెలోని సాస్ నుంచి. తర్వాత రెండు వంటకాలకూ మధ్య గీత చెరిగిపోయింది. 1938లో వచ్చిన ‘లారూస్ గాస్ట్రోనమిక్’ విజ్ఞాన సర్వస్వం నాటికి టార్టార్ అంటే పచ్చసొనతో వడ్డించే పచ్చి మాంసమే, సాస్ ఊసే లేదు. పేరు ఇచ్చిన సాస్ వెళ్ళిపోయింది, పేరు మిగిలింది. బెల్జియంలో మాత్రం పాత పేరు ఇంకా బతికే ఉంది. అక్కడ దీన్ని ‘ఫిలె అమెరికాన్’ అంటారు. మెత్తగా రుబ్బి, మయోనైజ్ కలిపి, రొట్టె మీద పూసుకుంటారు.

ఇంకో చిక్కు. తాతారు అనే జాతి పేరులోకి అదనపు ‘ర’ చేర్చింది యూరప్‌వాళ్ళే. గ్రీకు పురాణాల పాతాళం పేరు ‘టార్టరస్’, ఆ పోలిక వాళ్ళకు కలిసొచ్చింది. కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్‌కు వీటిలో దేనితోనూ సంబంధం లేదు. అది ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే ఉప్పు.

ఎవరు తినకూడదు

గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు, 65 దాటినవారు, కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు తినకూడదు. ‘ఒక్క ముద్దకు ఏమవుతుంది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ఈ-కోలి ఓ157 రకం క్రిమి వందలోపు లోనికి పోయినా జబ్బు చేయగలదు. పిల్లల్లో అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లక్షణాలు సాధారణంగా 3, 4 రోజులకు బయటపడతాయి కాబట్టి ‘నిన్న తిన్నాం, ఏమీ కాలేదు’ అన్నది కూడా భరోసా కాదు. ఆరోగ్యవంతులకైనా ప్రమాదం సున్నా కాదు. కింద చెప్పేవన్నీ దాన్ని తగ్గించే పద్ధతులే.

మాంసం: ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనకూడదు

ముందు కండ సంగతి తెలియాలి. ఆరోగ్యమైన పశువు కండ లోపలి భాగంలో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. తోలు ఒలిచేటప్పుడు, పేగులు తీసేటప్పుడు, బల్ల మీద, కత్తి మీద, చేతుల మీద ఉన్నది పైపొరకు అంటుతుంది. పెద్ద ముక్కగా ఉన్నంతసేపూ మురికి పైనే ఉంటుంది. ఖీమా మర వేశారంటే పైది లోపలికి, లోపలిది పైకి వస్తుంది. ఆ తర్వాత ఎంత కడిగినా, ఎంత చల్లబెట్టినా వేరు చేయలేం. కాబట్టి మొదటి నియమం: టార్టార్‌కు ఖీమా కొనకూడదు, ప్యాకెట్‌లో వచ్చేది అసలే కూడదు. నిండు ముక్క కొని, తినబోయే గంటలోనే ఇంట్లో తరగాలి.

రెండో నియమం, దుకాణంలో ‘పచ్చిగా తినడానికి’ అని చెప్పి అడగాలి. ఫ్రాన్సు, బెల్జియం, జర్మనీల్లో మాంసం దుకాణదారుకు ఈ మాట కొత్త కాదు. అక్కడ ఇది రోజూ జరిగే బేరం. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం తరిగిన మాంసాన్ని నిల్వ చేసేచోట 2 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అమెరికాలో ఉండేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ కొన్ని స్టేకులను మెత్తబడటానికి యంత్రపు సూదులతో పొడుస్తారు. ఆ సూదులు పైనున్న క్రిములను కండ లోపలికి దింపుతాయి. 2016 నుంచి అలాంటి మాంసం చీటీ మీద ‘మెకానికల్లీ టెండరైజ్డ్’ లేదా ‘బ్లేడ్ టెండరైజ్డ్’ అని రాయడం తప్పనిసరి. ఆ అక్షరాలు కనిపిస్తే ఆ ప్యాకెట్ గ్రిల్లుకే. ముందే మసాలా పట్టించినవి కూడా అంతే.

మరి హైదరాబాదులో, గుంటూరులో, విశాఖలో? సూటిగా చెప్పాలంటే బజారులో దొరికే పెద్దకూరతో ఈ వంట చేయకండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1977 నాటి చట్టం ఆవును, దూడను కోయడాన్ని నిషేధిస్తుంది. బజారుకు వచ్చేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. గేదె అయినంత మాత్రాన పనికిరాదని కాదు. చిక్కు నిల్వలో ఉంది. తెల్లవారుజామున కోసింది చల్లబడకుండానే కొక్కేనికి వేలాడుతుంది, ఒకే మొద్దు మీద పేగులూ కండా కోస్తారు, ఒకే మరలో అందరి ఖీమా తిరుగుతుంది. గంటసేపు ఉడికే కూరకు ఆ తాజా మాంసం బ్రహ్మాండంగా ఉంటుంది. పొయ్యి చూడని వంటకు మాత్రం కాదు. కోత నుంచి అమ్మకం దాకా చల్లని గొలుసు తెగకుండా 4 డిగ్రీల లోపు ఉంచే దుకాణం తెలిసి ఉంటేనే, అదీ ‘అండర్‌కట్’ నిండు ముక్క దొరికితేనే ఆలోచించండి. కోడి, పంది మాంసాలతో ఈ ప్రయోగం వద్దు. జర్మనీలో పచ్చి పంది ఖీమా రొట్టె మీద పూసుకుంటారన్నది నిజమే, కానీ దాని వెనక అక్కడి తనిఖీ వ్యవస్థ మొత్తం ఉంది.

ఏ భాగం? మన దగ్గర అండర్‌కట్ అనే టెండర్‌లాయిన్ అందరికీ తెలిసిన ఎంపిక. వెన్నెముక లోపలివైపు ఉండే ఈ కండకు పని తక్కువ, అందుకే మెత్తన. నరాలు దాదాపు ఉండవు, వృథా తక్కువ. కానీ రుచి కూడా నెమ్మదే. తుంటి భాగం, అంటే రంప్, కాస్త గట్టిగా ఉన్నా బీఫ్ రుచి బాగా తెలుస్తుంది, ధర కూడా తక్కువ. ఎలాగూ 3 మిల్లీమీటర్ల ముక్కలుగా తరుగుతాం కాబట్టి ఆ గట్టిదనం నోటికి తగలదు. చేయి తిరిగినవాళ్ళకు రంపే మేలు. మొదటిసారి చేసేవాళ్ళు అండర్‌కట్ తీసుకుంటే పొరలు తీసే శ్రమ తప్పుతుంది. కొవ్వు చారలు నిండుగా ఉండే రిబ్ ముక్క ఖరీదైనదని తెచ్చుకోకండి. చల్లని కొవ్వు కరగదు, అంగిట్లో మైనంలా అతుక్కుంటుంది.

రంగు చూసి కంగారు పడొద్దు. అప్పుడే కోసిన కండ ఊదారంగులో ఉంటుంది, గాలి తగిలిన అరగంట లోపు ఎర్రబడుతుంది. వ్యాక్యూమ్ ప్యాకెట్‌లో వచ్చిన ముక్క ముదురు ఊదాగా కనిపించేది అందుకే. అంచులు గోధుమరంగుకు తిరిగి, చేతికి జిగురుగా తగిలి, పుల్లటి వాసన వస్తే మాత్రం పక్కన పెట్టాలి. ప్యాకెట్ విప్పగానే వచ్చే కొద్దిపాటి వాసన పది నిమిషాల్లో పోతే ఫర్వాలేదు.

గడ్డకట్టించాలా?

దీని గురించి గందరగోళం ఎక్కువ. బద్దెపురుగు (టేప్‌వర్మ్) పిల్లల తిత్తులు పైపొర మీద కాదు, కండ లోపలే ఉంటాయి. పైన చెక్కేసినా అవి పోవు. మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచితే చస్తాయి. కానీ బ్యాక్టీరియా గడ్డకడితే చావదు, నిద్రపోతుంది అంతే. అంటే ఫ్రీజర్ ఒక సమస్యకు మందు, రెండో దానికి కాదు. పైగా గడ్డకట్టి కరిగిన మాంసం నీరు వదులుతుంది, టార్టార్ పలచబడుతుంది. పశువైద్య తనిఖీ పక్కాగా ఉండే దేశాల్లో చాలామంది వంటవాళ్ళు తాజా ముక్కే వాడతారు. తనిఖీ మీద నమ్మకం లేకపోతే గడ్డకట్టించిందే తీసుకోండి. ఫ్రిజ్ కింది అరలో 24 గంటలు నెమ్మదిగా కరిగించి, కాగితపు తువ్వాలుతో బాగా అద్దండి.

బ్యాక్టీరియాకు పనికొచ్చే పద్ధతి వేరే ఉంది, పైపొర కాల్చి చెక్కేయడం. 2011లో జపానులో పచ్చి బీఫ్ వంటకం యుక్కే తిన్నవారిలో 5గురు చనిపోయారు. ఆ ఏడాదే అక్కడ కొత్త నియమం వచ్చింది. పచ్చిగా వడ్డించే బీఫ్ ముక్కను పైనుంచి 1 సెంటీమీటరు లోతు దాకా 60 డిగ్రీల దగ్గర కనీసం 2 నిమిషాలు వేడి చేయాలి, తర్వాత ఆ పొర తీసేసి లోపలిది వాడాలి. ఇంటి వంటగదిలో అంత కొలత కుదరదు కానీ సూత్రం అదే. ఇనుప పెనం పొగ వచ్చేదాకా కాల్చి, నూనె లేకుండా ముక్కను అన్నివైపులా, చివరలతో సహా ఒక్కో నిమిషం అద్దండి. చల్లని పళ్ళెంలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి చల్లారాక, వేరే కత్తి, వేరే పలకతో ఉడికిన పొరంతా అర సెంటీమీటరు మందాన చెక్కేయండి. ఇలా చేయాలనుకుంటే 300 గ్రాముల కోసం అర కిలో పైనే కొనాలి. చెక్కిన ముక్కలు పారేయనక్కర్లేదు, మిరియాల వేపుడుకు పనికొస్తాయి.

ఇద్దరికి కావలసినవి

పొరలు, కొవ్వు తీసేశాక బీఫ్ 300 గ్రాములు (మామూలుగా 360 నుంచి 380 గ్రాములు కొనాలి)
పచ్చసొన 1, ఇష్టమైతే పైన పెట్టుకోవడానికి తలా ఒకటి
డిజాన్ ఆవముద్ద 2 టీస్పూన్లు
వాసన లేని నూనె లేదా ఘాటులేని ఆలివ్ నూనె 2 టేబుల్ స్పూన్లు
సాంబారు ఉల్లిపాయలు 30 గ్రాములు
కేపర్లు 15 గ్రాములు
చిన్న గెర్కిన్ ఊరగాయ 20 గ్రాములు
పార్స్లీ తరుగు 2 టేబుల్ స్పూన్లు
వూస్టర్ సాస్ 1 టీస్పూన్
టబాస్కో 6 నుంచి 8 చుక్కలు
ఉప్పు 2 గ్రాములు, అప్పటికప్పుడు దంచిన మిరియాలు

ఒక్కొక్కరికి 150 గ్రాములు భోజనంగా సరిపోతుంది. ముందుగా కొసరుగా వడ్డించాలంటే 80 గ్రాములు చాలు.

కొన్ని మాటలు వీటి గురించి. కేపర్లంటే ఊరవేసిన పూమొగ్గలు. ఉప్పులో ఊరినవైతే పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి పిండాలి, వెనిగర్‌లో ఊరినవైతే కడిగి ఆరబెట్టాలి. గెర్కిన్‌ను ఫ్రెంచివాళ్ళు కార్నిషాన్ అంటారు. ఫ్రాన్సులో సీసాల్లో అమ్మే కార్నిషాన్లలో పెద్ద భాగం భారతదేశం నుంచి వెళ్ళేదే. మన కుప్పం వైపు ఎగుమతికి పండించేది కూడా ఈ గెర్కినే. తియ్యగా ఊరిన రకం కొనకండి, పుల్లనిదే కావాలి. డిజాన్ బదులు ఇంట్లో ఆవపిండి కలుపుదామనిపిస్తుంది కానీ దాని ఘాటు, చేదు ఆవకాయ నూనెలో అణుగుతాయి, పచ్చి మాంసం మీద అణగవు. కొత్తిమీర పార్స్లీకి బదులు కాదు. వేస్తే బాగుండకపోదు, కానీ నాలుక మీద మొదట అదే మాట్లాడుతుంది. కొన్ని పారిస్ హోటళ్ళలో టీస్పూన్ కెచప్ వేస్తారు. దానికి ముఖం చిట్లించేవాళ్ళున్నారు, అయినా ఆ కొద్దిపాటి తీపి ఆవ ఘాటును మెత్తబరుస్తుంది.

గుడ్డుకు కూడా మాంసానికి ఉన్నంత జాగ్రత్త కావాలి. పెంకు పగలనిది, శుభ్రంగా ఉన్నది, ఫ్రిజ్‌లో ఉంచినది వాడండి. పాశ్చరైజ్ చేసిన గుడ్లు దొరికితే అవే మేలు. సూ-వీడ్ పరికరం (నీటిని ఒకే వేడి దగ్గర నిలిపేది) ఉన్నవాళ్ళు పెంకుతోనే 57 డిగ్రీల నీటిలో 75 నిమిషాలు ఉంచి చల్లార్చుకోవచ్చు, సొన పచ్చిగానే ఉంటుంది. రెండూ కుదరకపోతే పచ్చసొన, నూనెల బదులు సీసాలో కొన్న మయోనైజ్ 2 టేబుల్ స్పూన్లు కలపండి. రుచిలో తేడా ఉంటుంది కానీ వంట చెడదు.

తరగడం

ఇక్కడే టార్టార్ నిలిచేది, కూలేది. పలక, కత్తి, గిన్నె, వడ్డించే పళ్ళేలు ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. కత్తి సానబట్టి ఉండాలి. టమాటా తొక్క మీద బరువు వేయకుండా పెడితే దిగాలి, అదీ పదును. మొద్దు కత్తి మాంసాన్ని కోయదు, నలుపుతుంది. నలిగిన కండలోంచి రసం కారి ముద్దవుతుంది.

మాంసాన్ని కాగితపు తువ్వాలుతో అద్ది, పైనున్న తెల్లటి మెరిసే పొర తీసేయండి. పొర కిందికి కత్తి మొన దూర్చి, ఒక చేత్తో పొర కొసను బిగించి లాగుతూ, కత్తి అంచును కాస్త పైకి, పొరవైపుకే వంచి నడపాలి. కిందికి వంచితే మంచి కండ పోతుంది. నరం చిన్నదైనా వదలొద్దు. పది నమలుళ్ళ తర్వాత కూడా నోట్లో మిగిలే దారం ఒక్కటి చాలు, పళ్ళెమంతా పాడైనట్టే అనిపిస్తుంది.

శుభ్రం చేసిన ముక్కను పళ్ళెంలో పరిచి ఫ్రీజర్‌లో 20 నుంచి 30 నిమిషాలు పెట్టండి. గడ్డకట్టకూడదు. వేలితో నొక్కితే పైన గట్టిగా, లోపల కొద్దిగా దిగేట్టు ఉండాలి. ఇప్పుడు కండ పోగులు ఎటు నడుస్తున్నాయో చూసి, వాటికి అడ్డంగా 3 మిల్లీమీటర్ల మందాన పలకలు కోయండి. రెండు మూడు పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి 3 మిల్లీమీటర్ల కడ్డీలుగా, వాటిని తిప్పి అంతే చిన్న ఘనాలుగా కోయండి. పెసరగింజకంటే కొంచెం ఇటూ అటూ. ఆఖర్న కుప్పగా చేసి ఐదారుసార్లు పైనుంచి కత్తితో తేలికగా కొడితే కొన్ని ముక్కలు ఇంకా చిన్నవవుతాయి. అవే మిగతా ముక్కలను పట్టి ఉంచే జిగురు. అన్నీ ఒకే సైజులో ఉంటే పళ్ళెంలో నిలవక జారిపోతాయి.

300 గ్రాములకు అలవాటున్న చేతికి పది నిమిషాలు, లేనివాళ్ళకు ఇరవై. మధ్యలో మాంసం మెత్తబడుతోంది అనిపిస్తే సగం తిరిగి ఫ్రిజ్‌లో పెట్టండి. మిక్సీ జార్, ఫుడ్ ప్రాసెసర్ జోలికి వెళ్ళొద్దు. రెండు తిప్పులకే బ్లేడు వేడికి కొవ్వు పూతలా మారి, మాంసం గారెల పిండిలా తయారవుతుంది. మర తప్పదంటే 6 మిల్లీమీటర్ల చిల్లుల పలక వాడి, మర భాగాలన్నీ గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, ఒక్కసారి మాత్రమే ఆడించండి.

తరిగినదాన్ని గిన్నెలో వేసి, ఆ గిన్నెను ఐసు ముక్కలున్న పెద్ద గిన్నెలో కూర్చోబెట్టండి. పలక, కత్తి వెంటనే వేడి నీళ్ళు, సబ్బుతో కడగాలి. మాంసం కోసిన పలక మీదే పార్స్లీ తరగడం కుదరదు.

మసాలా ముందు, మాంసం తర్వాత

చాలామంది మాంసం మీద ఒక్కొక్కటీ చల్లుతూ కలుపుతారు. అలా చేస్తే ఒకచోట ఉప్పు, ఇంకోచోట ఆవ. పైగా కలిపేకొద్దీ మాంసం నలుగుతుంది. మసాలా అంతా విడిగా సిద్ధం చేసుకోవడం మేలు.

ఉల్లిపాయలు 2 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, చన్నీళ్ళలో ఒకసారి కడిగి, బట్టలో పిండండి. ఘాటు తగ్గుతుంది, మాంసం మీద రాజ్యం చేయదు. కేపర్లు, గెర్కిన్లు కూడా అంతే సన్నగా తరిగి తడి అద్దాలి. ఈ మూడూ కలిపి మాంసంలో నాలుగో వంతు దాటకూడదు. దాటితే అది మాంసం వేసిన ఊరగాయ.

చిన్న గిన్నెలో పచ్చసొన, ఆవముద్ద గిలక్కొట్టి, నూనె సన్నని ధారగా పోస్తూ కలపండి. ఒక నిమిషానికి చిక్కబడి, మయోనైజ్‌కంటే కాస్త పలచగా వస్తుంది. అందులో వూస్టర్, టబాస్కో, మిరియాలు, ఉల్లి, కేపర్లు, గెర్కిన్, పార్స్లీ వేసి కలిపి, రొట్టె ముక్కతో రుచి చూడండి. ఈ దశలో నోటికి కాస్త ఎక్కువే అనిపించాలి. మాంసం కలిశాక తగ్గుతుంది, చల్లదనం నాలుకను ఇంకాస్త మొద్దుబారుస్తుంది.

వడ్డించడానికి సరిగ్గా 5 నిమిషాల ముందు మాంసంలో ఉప్పు చల్లి, మసాలా మూడు వంతులు వేసి, రెండు ఫోర్కులతో పైకి లేపుతూ కలపండి, పులిహోర కలిపినట్టు, మెతుకు విరక్కుండా. చెంచాతో నొక్కొద్దు. ఒక ఫోర్కు కొసతో రుచి చూసి, చాలకపోతే మిగతా వంతు వేయండి.

ఉప్పు ఆఖర్న ఎందుకంటే అది మాంసంలోని ప్రోటీన్‌ను బయటికి లాగి జిగురు పుట్టిస్తుంది. కబాబు ముద్దకు కావలసింది అదే, ఇక్కడ అక్కరలేనిదీ అదే. పైగా అరగంటలో రంగు బూడిదకు తిరుగుతుంది. నిమ్మరసం ఇంకా వేగంగా ఆ పని చేస్తుంది. పులుపు చాలదనిపిస్తే కేపర్ల నీళ్ళు ఒక టీస్పూన్ వేయండి, నిమ్మచెక్క పిండొద్దు. నిమ్మరసం, టబాస్కో, సారా క్రిములను చంపుతాయన్న నమ్మకం కూడా వదిలేయాలి. పదిమంది చెప్పినా అది నిజం కాదు.

పళ్ళెం

8 లేదా 9 సెంటీమీటర్ల వలయం ఉంటే చల్లని పళ్ళెంలో పెట్టి మాంసం నింపి, చెంచా వెనకతో పైభాగం మాత్రం సర్దండి. అదిమితే ఇటుకలా అవుతుంది. మధ్యలో చిన్న గుంట చేసి, కావాలనుకుంటే పచ్చసొన జార్చండి. పాత పద్ధతి హోటళ్ళలో మసాలా ఏదీ కలపకుండా మాంసం చుట్టూ చిన్న చిన్న కుప్పలుగా పెడతారు, తినేవాళ్ళే కలుపుకుంటారు. మొదటిసారి తినే అతిథులుంటే ఇది మంచి పద్ధతి, ఎవరికెంత ఘాటు కావాలో వాళ్ళే చూసుకుంటారు.

పక్కన కాల్చిన రొట్టె ముక్కలు, లేదా రెండుసార్లు వేయించిన బంగాళాదుంప కడ్డీలు. మొదట 150 డిగ్రీల నూనెలో 5, 6 నిమిషాలు, చల్లారాక 185 డిగ్రీలలో 2, 3 నిమిషాలు. వేపుడు తయారయ్యాకే మాంసంలో ఉప్పు కలపాలి, ముందు కాదు. వేడి దుంపలను మాంసం ఉన్న పళ్ళెంలో పెట్టకుండా వేరే గిన్నెలో ఇవ్వండి.

కొన్నిచోట్ల కలిపిన ముద్దను పెనం మీద రెండువైపులా అర నిమిషం అద్ది ‘అలే-రెతూర్’ అని వడ్డిస్తారు, అంటే పోయిరావడం అన్నమాట. బాగానే ఉంటుంది, కానీ లోపల పచ్చిదే. సురక్షితమని దాన్ని గర్భిణులకు పెట్టకూడదు.

ఎక్కడ తప్పుతుంది

పళ్ళెం అడుగున ఎర్రటి నీరు చేరితే మాంసం గడ్డకట్టి కరిగినదైనా అయుండాలి, కత్తి మొద్దుదైనా అయుండాలి. కేపర్ల తడి కూడా కారణం కావచ్చు, అది తెలిసేది నీరు పుల్లగా ఉన్నప్పుడు. ముద్దగా, నోటికి అంటుకునేలా ఉంటే మర లేదా మిక్సీ తప్పు, లేదా ఉప్పు ముందే వేశారు. బూడిద రంగు వచ్చిందంటే పులుపో, ఆలస్యమో. చప్పగా ఉంటే ఉప్పు కన్నా ముందు ఆవ చాలిందో లేదో చూడండి. మసాలా విరిగి నూనె తేలితే సొన, నూనె రెండింటి చల్లదనంలో తేడా ఉంది. మరో అర టీస్పూన్ ఆవముద్ద తీసుకుని, విరిగినదాన్ని కొద్దికొద్దిగా అందులో కలిపితే మళ్ళీ కూడుతుంది.

దగ్గరి చుట్టాలు

పచ్చి బీఫ్ ఫ్రెంచివాళ్ళ సొత్తేమీ కాదు. ఇతియోపియాలో గురాగే ప్రజల కిట్‌ఫో ఉంది. సన్నగా తరిగిన మాంసంలో మిట్‌మిటా అనే కారప్పొడి, మసాలాలతో కాచిన వెన్న కలుపుతారు. ఆ వెన్న మన తాలింపు నెయ్యికి దగ్గర, అందుకే తెలుగు నాలుకకు టార్టార్ కన్నా కిట్‌ఫో త్వరగా అలవాటవుతుందని మా అభిప్రాయం. కొరియా యుఖ్వేలో నువ్వుల నూనె, పియర్ పండు. లెబనాన్ కిబ్బె నయ్యెలో గోధుమ రవ్వ. ఇటలీ పియెమాంతే ప్రాంతంలో ఆలివ్ నూనె, నిమ్మ, ఉప్పు అంతే. కోత, చల్లదనం, జాగ్రత్తలు అన్నింటికీ పైవే. ఈ రోజుల్లో సాల్మన్, ట్యూనా, బీట్‌రూట్ ఏది సన్నగా తరిగినా టార్టార్ అనే రాస్తున్నారు, తాతారులూ లేరు, సాసూ లేదు, చివరికి మాంసమూ లేదు.

మిగిలితే

కలిపిన టార్టార్ బల్ల మీద అరగంటకు మించి ఉండకూడదు, రేపటికి దాచకూడదు. మిగిలిందని అనుకోగానే కొద్దిగా రొట్టె పొడి కలిపి బిళ్ళలు చేసి, మధ్యలో 71 డిగ్రీలు వచ్చేదాకా పెనం మీద కాల్చండి. కేపర్లూ ఆవా ఉన్న ఆ బిళ్ళలు వేడి అన్నంలోకి కూడా బాగానే ఉంటాయి, పక్కన పచ్చి ఉల్లిపాయ ఉంటే చాలు.